పెద్దమృగాల వేట రైఫిల్‌లో గుండు బరువు ఎంపిక: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

పెద్దమృగాల వేటకు ఎంత బరువున్న గుండు కావాలి అనే చర్చ 19వ శతాబ్ది మధ్యకాలం నుండి సుమారు వంద సంవత్సరాలపాటు బ్రిటిష్ వలసదేశాల వేట గ్రంథాలలో తరచుగా కనిపిస్తుంది. దీనిని ఆయుధ సాంకేతికతకు మాత్రమే సంబంధించిన విషయంగా భావించడం పరిపాటి. కాని గుండు తన పని పూర్తి చేయనప్పుడు ఆ ఫలితం వేటగాడితో ముగియదు. జిమ్ కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులికి కుడివైపు పైకోర, కిందికోర పాత తుపాకిదెబ్బకు విరిగి ఉన్నాయి. ఆ గాయం వల్లనే అది సహజమైన ఆహారాన్ని వేటాడలేక మనుషులపైకి మళ్లిందని కార్బెట్ రాశాడు. ఆ పులికి 436 మంది బలైనట్లు లెక్క. కాబట్టి గుండు ఎంపికకు సాంకేతిక పార్శ్వంతోపాటు సామాజిక పార్శ్వం కూడా ఉంది. ఆ ఎంపికకు ఆధారమైన కొలమానం ఎలా మారిందో, ఎంచుకునే అవకాశం ఎవరికి దక్కిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. బరువే ప్రమాణమైన కాలం:

తొలినాటి తుపాకులను ‘బోర్’ సంఖ్యతో పేర్కొనేవారు. ఒక పౌను సీసంతో గొట్టానికి సరిపోయే గుండ్లు ఎన్ని తయారవుతాయో ఆ సంఖ్యే బోర్. ఈ లెక్కన 4 బోర్ తుపాకి గుండు పావు పౌను, అంటే సుమారు 113 గ్రాములు తూగుతుంది. 1840ల నాటి సింహళంలో ఏనుగుల వేటకు శామ్యూల్ బేకర్ వాడిన ఇటువంటి రైఫిల్ బరువే 21 పౌన్లు. నల్లని తుపాకిమందుతో గుండు వేగాన్ని ఒక హద్దుకు మించి పెంచడం సాధ్యం కాదు. అందువల్ల దెబ్బ బలాన్ని పెంచడానికి బరువును పెంచడమే ప్రధాన మార్గమైంది.

1850లలో జేమ్స్ పర్డీ ఇందుకు భిన్నమైన మార్గం చూపాడు. తేలికైన గుండుకు ఎక్కువ మందు జోడించి, వేగాన్ని పెంచి, ఆ పద్ధతికి ‘ఎక్స్‌ప్రెస్’ రైలు పేరు పెట్టాడు. జింకల వేటకు ఇది చక్కగా పనికివచ్చింది. అయితే ముక్కు బోలుగా ఉన్న ఎక్స్‌ప్రెస్ గుండు దళసరి కండరాలకు, ఎముకకు తగిలినప్పుడు లోతుకు దిగకముందే ముక్కలయ్యేది. 1890లో వెలువడిన ‘వైల్డ్ బీస్ట్స్ అండ్ దేర్ వేస్’ గ్రంథంలో బేకర్ ప్రమాదకర మృగాల విషయంలో బోలుగుండ్లను వ్యతిరేకించి, .577 రైఫిల్‌లో 648 గ్రెయిన్ల గట్టి సీసపు గుండును సమర్థించాడు. 7000 గ్రెయిన్లు ఒక పౌను. ఆ లెక్కన ఈ గుండు సుమారు 42 గ్రాములు. బరువు ఎంత అనే ప్రశ్నతోపాటు గుండు నిర్మాణం ఎటువంటిది అనే ప్రశ్న కూడా ఇక్కడ ముందుకు వచ్చింది.

3. కార్డైట్ తెచ్చిన మార్పు:

పొగ తక్కువగా ఉండే కార్డైట్ మందు రాకతో గుండుకు లోహపు తొడుగు అవసరమైంది. 1898లో జాన్ రిగ్బీ సంస్థ రూపొందించిన .450 రైఫిల్ 480 గ్రెయిన్ల గుండును సెకనుకు 2150 అడుగుల వేగంతో పంపగలిగింది. 31 గ్రాముల ఈ గుండు 113 గ్రాముల పాత గుండు కంటే లోతుగా దిగింది.

దీనికి కారణం గుండు ఆకృతిలో, తొడుగులో ఉంది. గుండు బరువును పౌన్లలో తీసుకొని, అంగుళాలలో దాని అడ్డుకొలత వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఛేదసాంద్రత అనవచ్చు. వేగం, నిర్మాణం సమానమైనప్పుడు ఈ సంఖ్య పెరిగేకొద్దీ గుండు లోతుగా దిగుతుంది. 4 బోర్ గోళాకార గుండుకు ఇది సుమారు 0.23, .450 గుండుకు 0.33. ఆఫ్రికాలో దంతాల కోసం వెయ్యికి పైగా ఏనుగులను చంపిన డబ్ల్యు.డి.ఎం. బెల్ ఎక్కువగా వాడింది 7 మిల్లీమీటర్ల రైఫిల్‌లో 173 గ్రెయిన్ల పూర్తి తొడుగు గుండు. దాని బరువు 11 గ్రాములే అయినా సన్నగా, పొడవుగా ఉండడం వల్ల ఛేదసాంద్రత 0.31 వరకు ఉంది. అయితే ఏనుగు పుర్రె నిర్మాణాన్ని కోసి పరిశీలించిన బెల్ నైపుణ్యం లేకుండా ఆ గుండు మాత్రమే ఆ ఫలితాన్ని ఇవ్వదు.

1912లో హాలండ్ అండ్ హాలండ్ సంస్థ తెచ్చిన .375 మాగ్నమ్ ఈ చర్చను ఒకే రైఫిల్‌లోకి తెచ్చింది. దానికి 235, 270, 300 గ్రెయిన్ల గుండ్లు లభించేవి. దూరంలోని తేలిక మృగాలకు మొదటిది, సాధారణ వేటకు రెండవది, ఏనుగు, అడవిదున్న వంటి వాటికి పూర్తి తొడుగుతో మూడవది అనే విభజన ఏర్పడింది. వీటి ఛేదసాంద్రతలు వరుసగా 0.24, 0.27, 0.30.

మృగాన్ని బట్టి గుండు యోగ్యత మారుతుందనడానికి .405 వించెస్టర్ మరొక ఉదాహరణ. దాని 300 గ్రెయిన్ల గుండు ఛేదసాంద్రత 0.25. 1909లో ఆఫ్రికా వెళ్లిన థియోడర్ రూజ్వెల్ట్ సింహాల విషయంలో దానిని ఎంతో మెచ్చుకున్నాడు. దళసరి చర్మం గల మృగాలకు మాత్రం అది చాలదనే విమర్శ వచ్చింది. చిత్తూరు జిల్లా అడవులతో సహా దక్షిణ భారతంలో చిరుతలను, పులులను వేటాడిన కెన్నెత్ ఆండర్సన్‌కు అదే నమ్మకమైన ఆయుధం.

4. చట్టం నిర్ణయించిన బరువు:

గుండు ఎంపికను అన్నివేళలా మృగమే నిర్ణయించలేదు. సైనిక రైఫిళ్ల తూటాలు తిరుగుబాటుదారులకు ఉపయోగపడతాయనే భయంతో 20వ శతాబ్ది ఆరంభంలో ప్రభుత్వం భారతదేశంలోకి .450 రైఫిళ్ల దిగుమతిని నిషేధించింది. దానితో ఆంగ్ల తయారీదారులు .465, .470 వంటి కొత్త కొలతలకు మళ్లారు. తరువాత ప్రసిద్ధమైన .470 రైఫిల్‌లోని 500 గ్రెయిన్ల గుండు పుట్టుక వెనుక ఈ పాలనాపరమైన భయం ఉంది.

1878 ఆయుధ చట్టం ప్రకారం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి. ఐరోపావారికి చాలావరకు మినహాయింపు లభించింది. 235 గ్రెయిన్లా, 300 గ్రెయిన్లా అని ఆలోచించే అవకాశం కొద్దిమందికే ఉండేది. గాయపడి తప్పించుకున్న పులితో ఒకే అడవి అంచున జీవించవలసిన రైతులలో, పశువుల కాపరులలో అధికులకు ఆ చర్చలో చోటు లేదు.

5. ముగింపు:

జాన్ టేలర్ 1948లో వెలువరించిన ‘ఆఫ్రికన్ రైఫిల్స్ అండ్ కార్ట్రిడ్జెస్’ గ్రంథంలో బరువు, వేగం, అడ్డుకొలతలను గుణించి దెబ్బ బలాన్ని ఒకే అంకెగా చూపాడు. శతాబ్దకాలపు అనుభవం మాత్రం ఒక్క అంకెకు ఒదగదు. బరువు, అడ్డుకొలత, తొడుగు, వేగం, మృగం శరీర నిర్మాణం అన్నీ కలిసినప్పుడే గుండు యోగ్యత తేలింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో భారతదేశంలో ఈ వేట చరిత్రకు దాదాపు తెర పడింది. ఆనాటి వేట గ్రంథాలను అధ్యయనం చేసేటప్పుడు కూలిన మృగాల సంఖ్యతోపాటు, గాయంతో తప్పించుకున్నవాటి ప్రస్తావనలను కూడా సేకరించడం అవసరం. గుండు ఎంపికలోని పొరపాటుకు మూల్యం ఎవరు చెల్లించారో ఆ ప్రస్తావనల ద్వారానే తెలుస్తుంది.