వెలుగుతో నీటిని విడదీయుట

కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైనది మొదలు ఆ నీరు మన పైరులను పెంచుచున్నది. ఆ నీటియందే హైడ్రోజను అను ఇంధనవాయువు గలదు. దానిని చవుకగా తీయగల్గిననాడు, ఇబ్రహీంపట్టణమున 1979 నుండి విద్యుత్తునకై కాల్చుచున్న బొగ్గులో కొంత మిగులును.

1967లో టోక్యో విశ్వవిద్యాలయమున ఫుజిషిమా యను విద్యార్థి నీటిలోనుంచిన టైటానియము డయాక్సైడు పలుకుపై వెలుగు ప్రసరింపజేయగా బుడగలు లేచెను. మన తలుపులకు వేయు తెల్లరంగులోని పదార్థమే యది. గురువగు హోండాతో కలిసి ఆయన 1972లో ఈ సంగతి లోకమునకు వెల్లడించెను. తాను తరుగక పని నడపు నిట్టి పదార్థమును ఉత్ప్రేరక మందురు. పెండ్లిళ్ల పేరయ్య వంటిదని నే ననుకొందును. ఈ పేరయ్య విడదీయువాడు, అంతే భేదము.

దానికి రెండు లోపములు గలవు. ఎండలో నూటికి నాలుగైదు పాళ్లుండు అతినీలలోహిత కిరణములకే అది లొంగును. వెలుగు తగిలి లేచిన ఎలక్ట్రాను రెప్పపాటైన నిలువక తన చోటికే మరలును. ఇచ్చట కర్బనము తోడుపడినది. 1991లో జపానుదేశపు ఇయిజిమా వర్ణించిన కర్బన నాళికలు వెండ్రుకకంటె వేలరెట్లు సన్ననివి. మురుగుకాలువ చేనినీటిని లాగికొన్నట్లు అవి ఎలక్ట్రానును లాగికొనును. నత్రజని పరమాణువున కొక ఎలక్ట్రాను అధికము. కావున బంగారమున రాగివలె దానిని కర్బనమున కొంచెము కలిపినచో ఆ గుణము హెచ్చును.

కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమున పరిశోధకులు ఇట్టి ఉత్ప్రేరకములతో, గ్లిసరాలు కలిపిన నీటినుండి ఎండచే హైడ్రోజను తీసిరి. గ్లిసరాలు మాత్రము ఖర్చగును. కావున కేవల జలమునుండి తీసినట్లు దీనిని నే నెంచను.