లోకో షెడ్డు నుంచి చిన్న కారు దాకా: బచేలి దారిలో టర్బో

బైలడిల్లా ఇనుప గనుల ఊరైన బచేలి కాలనీలో ఎవరైనా టర్బో పెట్రోలు కారు కొంటే ఇప్పటికీ నలుగురు చుట్టూ చేరి బానెట్ ఎత్తమంటారు. కానీ ఈ కొండలకు టర్బో కొత్తేమీ కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి ఓడల్లో జపాన్‌కు పంపడానికే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. 1960ల చివర్లో ఆ మార్గంలో ఖనిజం గూడ్సులు కదలడం మొదలయ్యాక వాల్తేరు షెడ్డు డీజిల్ ఇంజన్లకు చేతినిండా పని దొరికింది. అప్పట్లో మన రైల్వేకు పెద్ద దిక్కయిన డబ్ల్యూడీఎం-2 అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైను. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, పైన ఒక టర్బోచార్జర్. నిండు గూడ్సును జగదల్‌పూర్ నుంచి కోరాపుట్ మీదుగా 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ దాటించి, 58 సొరంగాల గుండా మైదానంలోకి దించే దారి అది. 1980ల మొదట్లో కరెంటు లైను వచ్చేదాకా ఆ బరువు డీజిల్ మీదే పడింది.

గనిలోనూ అదే కథ. కిరండూల్ వైపు 14వ డిపాజిట్ 1968లో, బచేలి వైపు 5వ డిపాజిట్ 1977లో మొదలయ్యాయి. కొండ మీద ఖనిజం మోసే డంపర్లకు టర్బో డీజిల్ ఇంజన్లు లేకపోతే రోజు గడవదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చి ఈ గనులు నడిపే ఎన్‌ఎండీసీలో చేరిన మన వాళ్లలో ఆపరేటర్లు, ఫిట్టర్లు, ఆటో షాపు మెకానిక్కులు ఎందరో ఉన్నారు. టర్బో విప్పడం, బేరింగు ఆట చూడడం, ఇంటర్‌కూలర్ కడగడం వాళ్లకు డ్యూటీ పని. సొంత కారులో టర్బో ఉండాలన్న ఆలోచన మాత్రం వాళ్ల పిల్లల కాలానికి గానీ రాలేదు. ఆ ఆలస్యానికి కారణాలు వెతికితే ఇంజనీరింగ్ కంటే పన్నులు, పెట్రోలు నాణ్యత, డీజిల్ ధర ఎక్కువగా తగులుతాయి.

స్విస్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంజను వదిలే పొగలో ఇంకా బోలెడంత శక్తి ఉంటుంది. ఆ పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న ఇంకో చక్రంతో బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెట్టడమే అతని ఆలోచన. ఎక్కువ గాలి పోతే ఎక్కువ ఇంధనం మండించవచ్చు, అంటే చిన్న ఇంజనుతో పెద్ద ఇంజను పని చేయించవచ్చు. ఓడలకు, రైలింజన్లకు, లారీలకు ఇది తొందరగానే అబ్బింది. పెట్రోలు కారుకు వచ్చేసరికి చిక్కులు ఎదురయ్యాయి. పెట్రోలు ఇంజను పొగ డీజిల్ పొగ కంటే బాగా వేడి. ఒత్తిన గాలిలో పెట్రోలు ముందుగానే అంటుకుని ఇంజను టకటకా కొట్టుకుంటుంది. పైగా చక్రం వేగం అందుకునేదాకా బండి కదలనట్టే ఉండి, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్, షెవర్లే కంపెనీలు టర్బో కార్లు తెచ్చాయి గానీ అవి నిలదొక్కుకోలేదు. 1970లలో బీఎండబ్ల్యూ, పోర్షా, సాబ్ వాటికి గుర్తింపు తెచ్చాయి.

చిన్న కారులో టర్బోను నిజంగా ఇంటి వస్తువుగా చేసింది జపాన్. హోండా 1982లో 1.2 లీటర్ల సిటీ టర్బోను తెచ్చింది, దాని శక్తి 100 పీఎస్. 1987లో సుజుకి ఆల్టో వర్క్స్ వచ్చింది: మూడు సిలిండర్లు, 543 సీసీ, 64 పీఎస్. బైలడిల్లా ఖనిజం కొనుక్కుంటున్న దేశంలో, ఆ కొనుగోళ్లు జోరుగా సాగుతున్న రోజుల్లోనే ఇదంతా జరిగింది. అదే సుజుకి భాగస్వామిగా 1983 డిసెంబరులో మారుతి 800 మన రోడ్డెక్కింది. జీపులు, అంబాసిడర్లు, స్కూటర్లు తప్ప ఎరగని బచేలి క్వార్టర్ల ముందు తొంభైలలో చిన్న తెల్ల కార్లు నిలబడడం మొదలైంది. కానీ మనకు దక్కినది టర్బో లేని 796 సీసీ ఇంజను. సుజుకి చిన్న టర్బో పెట్రోలు మన మార్కెట్‌లోకి రావడానికి, ఆల్టో వర్క్స్ పుట్టాక ముప్పై ఏళ్లు పట్టింది.

ఆ ముప్పై ఏళ్లలో మన పెట్రోలు కథ తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. సీసం లేని పెట్రోలు 1995లో పెద్ద నగరాల్లో మొదలై, 2000 నాటికి గానీ దేశమంతా అందలేదు. మామూలు పెట్రోలు ఆక్టేన్ 88 దగ్గరే ఉండేది. భారత్ స్టేజ్-3 ప్రమాణాలతో అది 91కి పెరిగింది, 2010లో దేశమంతటికీ వచ్చింది. తక్కువ ఆక్టేన్‌తో టర్బో నడిపితే ఇంజను కొట్టుకోవడం ఖాయం. దానికి తోడు, కారు కొనేవాడు మొదట అడిగే ప్రశ్న లీటరుకు ఎంత ఇస్తుందని. అందుకే చిన్న కారులోకి టర్బో తొలుత డీజిల్ రూపంలో వచ్చింది. 2007లో మారుతి స్విఫ్ట్‌లో ఫియట్ వారి 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజను పెట్టారు, 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్ల టార్క్. ఘాట్ ఎక్కేటప్పుడు గేరు మార్చకుండానే లాగే చిన్న కారు ఎలా ఉంటుందో మధ్యతరగతికి రుచి చూపించింది ఆ బండే. ఆ తర్వాత కొన్నేళ్లు డీజిల్ చవక కాబట్టి పెట్రోలు టర్బో గురించి అడిగేవారే లేరు.

ఇంతలో పన్ను గీత ఒకటి పడింది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. షరతులు రెండు: పొడవు 4 మీటర్లు మించకూడదు, ఇంజను పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు. నా దృష్టిలో మన దేశంలో చిన్న టర్బో పెట్రోలు కారుకు అసలు పుట్టుక అక్కడే ఉంది. 1,200 సీసీ లోపలే ఉంటూ ఎక్కువ శక్తి కావాలంటే గాలిని ఒత్తడం తప్ప దారి లేదు. ఆ గీత దాటితే ఏమవుతుందో ఫియట్ చూపించింది. 2015లో వచ్చిన అబార్త్ పుంటోకు 1.4 లీటర్ల టర్బో, 145 పీఎస్ ఉన్నాయి. దేశంలో తయారైన హ్యాచ్‌బ్యాక్‌లలో అప్పటికి అంత బలమైనది లేదు. కానీ రాయితీకి బయట పడింది, ధర పది లక్షల దగ్గర నిలిచింది, కొన్నవారు కొద్దిమందే.

గీత లోపల ఉండి గెలిచిన మొదటి బండి ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 2013లో, ఎక్స్‌షోరూమ్ ధర 7.99 లక్షలతో వచ్చింది. 1,197 సీసీ, నాలుగు సిలిండర్లు, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. ఆ 175 అనేది 1,500 ఆర్‌పీఎం దగ్గరే మొదలయ్యేది. టర్బో లేని 1.2 లీటర్ల స్విఫ్ట్ పెట్రోలు దాదాపు 114 న్యూటన్ మీటర్లు ఇచ్చేది, అదీ 4,000 ఆర్‌పీఎం చేరాకే. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే టర్బో సంగతంతా ఉంది.

ఇక్కడ తెలుగువారికి గుర్తుండాల్సిన సంగతి ఒకటుంది. ఆ పోలో విశాఖలో తయారు కావాల్సిందని చాలామంది మరచిపోయారు. 2005లో ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీ విశాఖకు వస్తుందన్న నమ్మకంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక మధ్యవర్తి కంపెనీకి 11 కోట్ల రూపాయలకు పైగా చెల్లించింది. ఫ్యాక్టరీ రాలేదు. వ్యవహారం సీబీఐ దర్యాప్తు దాకా వెళ్లింది. ఫోక్స్‌వాగన్ పుణె దగ్గర చాకణ్‌ను ఎంచుకుంది, 2009లో ఫ్యాక్టరీ తెరిచింది. బైలడిల్లా ఖనిజం దిగే రేవు పక్కనే ఆ కార్లు తయారై ఉంటే బచేలి బండికి స్పేర్ పార్టులు ఒక రాత్రి రైల్లో వచ్చేవి. ఆ నష్టం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పోలో తర్వాత వరస పెరిగింది గానీ నిలకడ లేదు. టాటా బోల్ట్ 2015లో 1.2 లీటర్ల టర్బోతో వచ్చింది. 2017లో మారుతి బలెనో ఆర్‌ఎస్ రావడంతో సుజుకి ముప్పై ఏళ్ల బాకీ తీరింది: 998 సీసీ, 102 పీఎస్. మూడేళ్లు తిరక్కుండానే దాన్ని ఆపేశారు. 2018లో కోయంబత్తూరు జయం సంస్థతో కలిసి టాటా తెచ్చిన టియాగో జేటీపీ 114 పీఎస్‌తో, 6.39 లక్షలకు, ఆ కాలానికి అందుబాటులో ఉన్న బండి. అదీ ఎక్కువ కాలం లేదు.

అసలు మలుపు 2020 ఏప్రిల్. భారత్ స్టేజ్-6 నిబంధనలు వచ్చేసరికి చిన్న డీజిల్ ఇంజనుకు పొగ శుద్ధి సామగ్రి బిగించడం గిట్టుబాటు కాలేదు. మారుతి, ఫోక్స్‌వాగన్ డీజిల్‌కు సెలవు చెప్పాయి. డీజిల్ ధరపై నియంత్రణ 2014 అక్టోబరులోనే పోవడంతో పెట్రోలుకు, దానికి మధ్య తేడా అప్పటికే కరిగిపోయింది. టార్క్ రుచి మరిగినవారికి మిగిలిన దారి పెట్రోలు టర్బో. ఆ ఒక్క ఏడాదిలోనే గ్రాండ్ ఐ10 నియోస్ టర్బో, 1.0 లీటరు పోలో, కొత్త ఐ20 వచ్చాయి. ఐ20లో మూడు సిలిండర్ల 998 సీసీ ఇంజను 120 పీఎస్ ఇచ్చింది. మరుసటి ఏడు ఆల్ట్రోజ్ ఐటర్బో, 2022లో సిట్రోయెన్ సీ3 టర్బో. అదే 2020లో పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి సోనెట్ బయటికొచ్చింది. దాని 1.0 టర్బో, ఐ20లోది ఒకే కుటుంబం.

ఇక బచేలి వైపు. దంతెవాడ దాటి ఇటు వచ్చేసరికే ఎర్ర నేల మొదలవుతుంది. విశ్వకర్మ జయంతి నాడు ఎన్‌ఎండీసీ కొండ దారి తెరుస్తుంది, ఊరూవాడా కొండ మీది ఆకాశ్‌నగర్ చూడ్డానికి బయలుదేరుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడి మామూలు ఇంజను శక్తి తగ్గుతుంది, ప్రతి 1,000 మీటర్లకు దాదాపు పదో వంతు. 1,200 మీటర్ల కొండ మీద అయిదుగురితో, ఏసీ వేసుకుని, రెండో గేరులో నడిచే 1.2 లీటర్ల కారు ఎలా రొప్పుతుందో ఎక్కినవారికి తెలుసు. టర్బో అయితే పలచటి గాలినీ ఒత్తి లోటు భర్తీ చేస్తుంది. మూడో గేరులోనే మలుపు తిరిగి, కాలు కొద్దిగా ఆనిస్తే చాలు, లాగుతుంది. గంటకు 180 కిలోమీటర్ల వేగం ఇక్కడ ఎవరికీ పనికిరాదు, 30 నుంచి 70కి అందుకోవడమే కావాలి. గీదం రోడ్డు మీద లారీల వరస దాటాలన్నా, సంక్రాంతికి సాలూరు ఘాట్ దిగి తిరిగొచ్చేటప్పుడు సామాన్లతో ఎక్కాలన్నా అదే అవసరం. 2000 తర్వాత మావోయిస్టు ఘటనల వల్ల కిరండూల్ రైలును చాలాసార్లు దంతెవాడ దగ్గరే ఆపేసేవారు, రాత్రి ప్రయాణాలు జనం మానుకున్నారు. చీకటి పడకముందే ఊరు చేరాలన్న ఆ లెక్కలో చకచకా ఓవర్‌టేక్ చేయగల బండికి విలువ పెరిగింది.

అయితే ఈ ఎర్ర దుమ్మే టర్బోకు శత్రువు. మా ఇంటి బండి ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఎండాకాలం చివర విప్పితే తెల్ల కాగితం మడతలన్నీ ఇటుక రంగులో ఉంటాయి. వేలితో రాస్తే మెత్తటి పొడి చర్మపు గీతల్లోకి దిగి, సబ్బుతో కడిగినా ఒక పట్టాన పోదు. ఫిల్టరు అంచు సరిగా కూర్చోకపోతే ఆ పొడి నేరుగా నిమిషానికి లక్షకు పైగా తిరిగే చక్రం రెక్కలను అరగదీస్తుంది. అందుకే కంపెనీ పుస్తకంలో రాసినంత దూరం ఆగకుండా సగానికే ఫిల్టరు మార్చాలి. నూనె విషయంలోనూ అంతే. ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే తాళం తిప్పేస్తే కాగుతున్న టర్బో ఇరుసు దగ్గర నూనె మాడి బొగ్గు కడుతుంది. ఒక నిమిషం ఇంజను ఊరికే తిరగనిచ్చి ఆపాలి. డంపర్ల మీద పనిచేసిన పాత ఆపరేటర్లకు ఇది చెప్పక్కర్లేదు, సొంత కారు దగ్గర వాళ్ల చేయి అలవాటుగా ఆగుతుంది. షోరూమ్ కుర్రాళ్లు మాత్రం కొన్నవారికి ఈ ముక్క చెప్పడం నేను చూడలేదు. పెద్ద రిపేరు వస్తే జగదల్‌పూర్, రాయపూర్, విశాఖ అంటూ తిరగాల్సిందే.

ఇంత చేసినా చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్ రోజులు తగ్గుతూ వచ్చాయి. పోలో 2022లో ఆగింది. 2023లో నియోస్ టర్బో పోయింది, మామూలు ఐ20లోనూ టర్బో తీసేసి ఎన్ లైన్‌కే ఉంచారు. టాటా 2024లో 120 పీఎస్ ఆల్ట్రోజ్ రేసర్ తెచ్చింది. కొనేవారంతా ఎత్తు బండ్ల వైపు మళ్లారు, ఐ20లోని 1.0 టర్బో ఇంజనే ఇప్పుడు సోనెట్, వెన్యూ లాంటి వాటిలో తిరుగుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగినా, 4 మీటర్లు, 1,200 సీసీ గీతలు 2006లో గీసిన చోటే ఉన్నాయి.

ఈ ఘాట్ల కోసం నన్ను అడిగితే నేల మీద ఆని నడిచే పాత పోలో టీఎస్‌ఐ, ఐ20 టర్బోలనే ఇప్పటికీ చూపిస్తాను. కొనేముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తర్వాతి గొట్టం విప్పించి లోపల ఎర్రగా ఉందేమో చూడాలి. నూనె మార్చిన బిల్లులు వరసగా ఉన్నాయో లేదో అడగాలి. 2013 నాటి డ్యూయల్ క్లచ్ పోలో అయితే ఎత్తు మీద ఆపి, మళ్లీ కదిలించి, బండి వణుకుతుందేమో గమనించాలి. ఆ గేర్‌బాక్స్ బాగు చేయించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే బేరానికి కూర్చోవాలి.