ఉగ్గుగిన్నె మీద ఎవరి పేరు?

పసిపిల్లల ఆహారం తయారుచేసే కంపెనీల చరిత్రలు చదువుతుంటే నాకు ఒకటే కథ మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. ఒక తల్లికి పాలు చాలవు. ఒక మగవాడికి ఉపాయం తడుతుంది. అక్కణ్ణించి కథంతా అతనిదే. సేంద్రియ శిశు ఆహారానికి పేరుపడ్డ జర్మన్ కంపెనీ హిప్ కథా ఇలాగే మొదలవుతుంది.

బవేరియాలో ఫాఫెన్‌హోఫెన్ అనే ఊరు. అక్కడ మిఠాయిలు చేసే యోసెఫ్ హిప్ భార్య మరియాకి కవలలు పుట్టారు. పాలు సరిపోలేదు. 1899లో యోసెఫ్ రస్కుల్ని పొడిచేసి, పాలూ నీళ్లూ కలిపి జావ తయారుచేశాడు. ఆ పొడే తర్వాత సరుకైంది. 1932లో కొడుకు గేయోర్గ్ దాన్ని విడిగా కంపెనీగా పెట్టాడు. కంపెనీ చెప్పుకునే ఈ కథలో మరియా ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది, అదీ ఒక లోపంగా. ఆ జావ ఇద్దరు పిల్లలకి రోజుకెన్నిసార్లు, ఎవరు తాగించారన్న ప్రశ్నే అందులో లేదు.

ఈ కంపెనీని మిగతావాటి నుంచి వేరుచేసింది సేంద్రియ సాగు. పశ్చిమ జర్మనీ పొలాలు రసాయనాల వైపు పరుగెడుతున్న కాలంలో, 1956లో, ఆ కుటుంబం తమ సొంత పొలంలో అవి లేకుండా పండించడం మొదలుపెట్టింది. గేయోర్గ్ భార్య అనీ స్విట్జర్లాండ్ మనిషి. ఈ సాగు ఆలోచన వచ్చిందీ అక్కడి నుంచే, హాన్స్ ముల్లర్, మరియా ముల్లర్ దంపతుల దగ్గర్నుంచి. హాన్స్ రాజకీయ నాయకుడు, మంచి వక్త. ఈ ఇంకో మరియా, 1932లో మోష్‌బెర్గ్‌లో మొదలైన బడిలో రైతు కుటుంబాల అమ్మాయిలకి తోటపని నేర్పింది. నేలలోని జీవం గురించి దొరికిందల్లా చదివింది. చదివినదాన్ని ఆ కూరగాయల మళ్లలోనే పరీక్షించి చూసింది. ఆ అనుభవం తర్వాత ఒక పద్ధతిగా స్థిరపడింది. కానీ ఆ పద్ధతిని పిలిచేది ముల్లర్, రుష్ అనే ఇద్దరు మగవాళ్ల పేర్లతోనే. మరియా 1969లో చనిపోయింది. స్విస్ స్త్రీలకి దేశస్థాయిలో ఓటు వచ్చింది 1971లో!

గేయోర్గ్ తర్వాత 1960ల చివర్లో కొడుకు క్లౌస్ పగ్గాలు పట్టాడు. రైతులతో ఒప్పందాలు, ప్రయోగశాలలో పరీక్షలు, గాజు సీసాల్లో కూరల గుజ్జు. కంపెనీ దేశదేశాలకీ పాకింది. ప్రకటనల్లో క్లౌస్ స్వయంగా కనిపించి, తన పేరే పూచీ అన్నాడు. ఆ సీసాలు అమ్ముడైన ఇళ్లని కూడా చూడాలి. 1977 దాకా పశ్చిమ జర్మనీ చట్టం ప్రకారం ఇంటిపని స్త్రీ బాధ్యత. దానికి అడ్డురాకుండా ఉంటేనే భార్య బయట ఉద్యోగం చెయ్యొచ్చు. అలాంటి చోట సీసా స్త్రీకి కాస్త సమయం ఇచ్చింది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ పని పంచుకోవలసిన మగవాడు కదలకుండానే ఆ సమయం దొరికింది, డబ్బుపెట్టి కొనుక్కుంటే.

మన ఇళ్లలో బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి విసిరిన ఉగ్గుకి ఎవరి పేరూ లేదు. "ఉగ్గుపాలతో నేర్చుకున్నాం" అని గర్వంగా చెప్పుకునే భాషలో ఆ ఉగ్గు పట్టిన చెయ్యి కనపడదు. ఇప్పుడు అదే పిండి సేంద్రియం అన్న ముద్రతో, బామ్మల మాట అడ్డుపెట్టుకుని సంచుల్లో వస్తోంది. మన దేశంలో 1992 నాటి చట్టం, 2003 సవరణతో కలిపి, రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు నిషేధించింది. డబ్బా మీద స్త్రీ బొమ్మగానీ బిడ్డ బొమ్మగానీ వెయ్యకూడదంది. తల్లి బొమ్మతో సరుకు అమ్మడం ఆగాల్సిందే. అయితే ఈ పరిశ్రమ చరిత్ర రాసేటప్పుడు ఇద్దరు మరియాలనీ, అనీనీ, విసుర్రాయి తిప్పిన మన ముసలమ్మల్నీ పేరుపెట్టి పిలవాల్సింది మనమే. పాలు చాలని తల్లులుగా కాదు, తెలివిగల మనుషులుగా.