ఉండవల్లి గుహాలయము

విజయవాడకు వచ్చిన యాత్రికులు ఇంద్రకీలాద్రిపై కనకదుర్గాంబను సేవించి, కృష్ణవేణిలో స్నానమాడి, అంతటితో తమ యాత్ర ముగిసినదని భావించుచుందురు. నదికి ఆవలి గట్టున శ్రీమహావిష్ణువు వేయి సంవత్సరములకు పైగా శేషశయ్యపై పవ్వళించియున్నాడని వారిలో అందఱికిని తెలియదు. కొండను తొలిచి, ఆ కొండరాతిలోనే స్వామిని మలచిన ఆ చోటు ఉండవల్లి. తెలుగుదేశమందలి గుహాలయములలో ఇంతటి విస్తారము గలది అరుదు.

ఉండవల్లి విజయవాడ నుండి పది కిలోమీటర్లకు లోపుగనే యున్నది. 1855 నాటికి పూర్తియైన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానమున 1957లో సిద్ధమైన ప్రకాశము బ్యారేజి మీదుగా నదిని దాటి, తాడేపల్లి ప్రక్కగా కొంత దూరము పోయినచో గ్రామము వచ్చును. పొలముల మీద నుండి చూచువారికి మొదట కనబడునది కొండ కాదు. అంతస్తులపై అంతస్తులు పేర్చిన పెద్ద మేడవలె నుండు రాతి ముఖము. తూర్పు దిక్కునకు తిరిగియున్న ఈ ఆలయమునకు నాలుగు అంతస్తులు. ముఖభాగపు పొడవు సుమారు 29 మీటర్లు. పై అంతస్తు క్రింది అంతస్తు కంటె కొంచెము వెనుకకు జరిగియుండుటచే ముందు వసారాలు ఏర్పడినవి. స్తంభముల వరుసలు, వాటి వెనుక చీకటి మండపములు, మెట్లు, చూరులు చూచి, ఎవరో నేర్పరులైన తాపీవారు కట్టిన కట్టడమని ఎవరైనను అనుకొందురు. కాని ఇందు కట్టిన దేదియు లేదు. ఉన్న కొండలో అక్కఱలేని రాతిని తీసివేయగా మిగిలినదే ఈ ఆలయము.

ఈ పద్ధతి మన పూర్వులకు ఎంత ఆశ్చర్యకరముగా తోచినదో తెలుపు శాసన మొకటి తమిళదేశములో నున్నది. క్రీ.శ. 7వ శతాబ్ది ప్రథమభాగమున కంచిని ఏలిన పల్లవ మహేంద్రవర్మ, విళుప్పురము ప్రాంతమందలి మండగపట్టు వద్ద ఒక గుహాలయమును తొలిపించెను. అచ్చటి సంస్కృత శాసనమునందు, విచిత్రచిత్తుడను బిరుదు గల ఆ రాజు ఇటుకగాని, కఱ్ఱగాని, లోహముగాని, సున్నముగాని లేకుండ బ్రహ్మ విష్ణు మహేశ్వరులకు ఆలయము నిర్మించెనని చెప్పబడినది. అంతకు ముందు మన ఆలయము లెక్కువగా ఇటుకతోను కఱ్ఱతోను కట్టబడినవి. కఱ్ఱ చివుకును, ఇటుక కఱగును. రాతికొండ అట్లు కాదు. కాలముతో పోరాడి నిలువగల దేవుని ఇల్లు కావలెనను కోరికయే రాజులను కొండల యొద్దకు నడపినది.

ఈ విషయమును మనసున నుంచుకొని ఉండవల్లిలో ప్రవేశింతము. వచ్చినవారిలో పెక్కుమంది క్రింది అంతస్తును చూచియు చూడనట్లు దాటి, త్వరత్వరగా మెట్లెక్కి స్వామి దర్శనమునకు పోవుదురు. క్రింద చూడదగినంత శిల్పము లేదను మాట నిజమే. అది అసంపూర్ణముగా విడువబడిన మండపము. స్తంభములు మోటుగా నున్నవి. నునుపు చేయని గోడలున్నవి. కాని ఈ ఆలయపు చరిత్ర తెలిసికొనగోరువాడు మొదట నిలువవలసిన చోటు అదియే. పూర్తియైన శిల్పము శిల్పి శ్రమను దాచివేయును. పూర్తికాని శిల్పము దానిని బయటపెట్టును.

గుహాలయములను తొలిచిన విధానము మన దేశమున పలుచోట్ల మిగిలిపోయిన ఇట్టి అసంపూర్ణ గుహల వలననే తెలియవచ్చినది. శిల్పులు ముందుగా బండ ముఖమును నిట్టనిలువుగా చెక్కి సమము చేయుదురు. ఎచ్చట స్తంభము నిలువవలెనో, ఎచ్చట త్రోవ విడువవలెనో గుర్తు చేసికొందురు. స్తంభముల నడిమి రాతిలో ఉలితో నిలువుగను అడ్డముగను లోతైన గాడులు త్రవ్వి, ఆ గాడుల మధ్య మిగిలిన దిమ్మెలను సుత్తెతో పగులగొట్టి తీయుదురు. ఈ విధముగా అంగుళము వెంట అంగుళము కొండలోనికి పోవుదురు. సాధారణముగా కప్పు వైపున మొదలిడి నేల వైపునకు దిగుట వారి అలవాటు. అట్లు చేసినచో పరంజాతో పని లేదు. ఇంకను తొలువని రాయియే వారు నిలుచుటకు అరుగగును. ఒక్క చిక్కు మాత్ర మున్నది. ఇటుక గోడ వంకరపోయినచో విప్పి మరల కట్టవచ్చును. ఇచ్చట ఒక స్తంభమునకు తగిలిన తప్పు దెబ్బను దిద్దుటకు ఉపాయము లేదు. కనుక మొదటి దెబ్బ వేయుటకు ముందే ఆలయమంతయు ప్రధానశిల్పి మనసులో పూర్తియై యుండవలెను.

క్రింది అంతస్తు మాత్రమే కాదు, అన్నిటికంటె పైనున్న అంతస్తు కూడ పూర్తికాలేదు. ఆ రెంటి నడుమ నున్న రెండంతస్తులును ఆలయ యోగ్యములుగా తీర్చబడినవి. వీనిలో మొదటిదాని వెనుక భాగమున మూడు గర్భగృహములు కలవు. అవి తొలుత త్రిమూర్తులకు ఉద్దేశింపబడినవని పండితుల అభిప్రాయము. మండగపట్టులోను త్రిమూర్తులకే ఆలయము తొలిపింపబడినదని యిప్పుడే చెప్పుకొంటిమి. ఈ పోలికను గుర్తుంచుకొనవలెను. దానితో ముందు పని యున్నది.

దానిపై అంతస్తులో అనంతశయనుని మందిరము. వెలుతురులో నుండి లోనికి పోయినవారికి మొదట ఏమియు స్పష్టముగా కానరాదు. కన్ను చీకటికి అలవడిన కొలది ముందు పాదములు, తరువాత దేహము, పిదప శిరస్సుపై పడగలు విప్పిన ఆదిశేషుడు క్రమముగా కనబడుదురు. సుమారు అయిదు మీటర్ల పొడవున స్వామి యోగనిద్రలో నున్నాడు. నాభికమలమునందు బ్రహ్మ ఆసీనుడై యున్నాడు. పాదముల యొద్ద నున్న రెండు పెద్ద మూర్తులు మధుకైటభులని చెప్పుదురు. స్తంభములపై వరాహ నరసింహాది మూర్తులు చెక్కబడినవి. వెలుపలి వసారాపై కూర్చున్న మునుల మూర్తులును సింహములును పచ్చని పొలముల వైపు చూచుచున్నవి.

ఇంత పని చేయించిన ప్రభువెవరు? తన పేరును నిస్సందేహముగా తెలుపు శాసనమును ఆతడు మనకు విడువలేదు. క్రీ.శ. 5, 6 శతాబ్దులలో ఆంధ్రదేశమును ఏలిన విష్ణుకుండినుల కాలపు పని యని పెక్కుమంది చరిత్రకారులు తలచిరి. ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయి ఈ మతమును బలముగా ప్రతిపాదించెను. కృష్ణాతీరపు గుహలను చూచిన పల్లవ మహేంద్రవర్మ ఆ విద్యను ఇచ్చట నుండియే తమిళదేశమునకు కొనిపోయెనని ఆయన వాదము. త్రిమూర్తుల మందిరములు, అడుగునను పైనను చదరముగాను నడుమ పలకలుగాను చెక్కిన స్తంభములు ఆ వాదమునకు ఆధారములు. తరువాతి పరిశోధకులు కొందఱు దీని నంగీకరింపక, స్తంభముల తీరును శిల్పముల పోకడను బట్టి ఉండవల్లి గుహలు క్రీ.శ. 7వ శతాబ్దికి చెందినవనియు, వేంగిలో కుబ్జవిష్ణువర్ధనుడు స్థాపించిన తూర్పు చాళుక్య రాజ్యకాలమున ఏర్పడినవనియు నిర్ణయించిరి. ఈ రెండవ మతమే నిజమైనచో మహేంద్రుని గుహలు ముందటివి కావచ్చును. విద్య దక్షిణము నుండి ఉత్తరమునకు వచ్చియుండవచ్చును.

వాదము ఏ వైపునకు తేలినను ఒక సంగతి మాత్రము నిలుచును. కృష్ణకును పాలారునకును నడుమ ఆ కాలమున రాకపోకలు దట్టముగా నుండెను. చెంగల్పట్టు సమీపమందలి వల్లము గుహాలయములో మహేంద్రవర్మ సామంతుని కుమారుడు వేయించిన శాసన మొకటి కలదు. అందు రాజునకు లలితాంకుర, శత్రుమల్ల, గుణభర అను సంస్కృత బిరుదులతో పాటు ‘పగాప్పిడుగు’ అను బిరుదు కూడ నున్నది. పిడుగు అనునది మనము నేటికిని వానకాలమున ప్రతి యింట పలుకు మాట. కంచిలో కొలువుదీరిన రాజు బిరుదులో ఈ మాట వినబడుట, రెండు దేశముల జనులును భాషలును ఎంత దగ్గఱగా మెలగినవో తెలుపుచున్నది. రాజుల బిరుదులు ప్రయాణము చేసిన త్రోవలోనే ఉలి పట్టినవారును ప్రయాణము చేసియుందురు.

ఈ గుహలు మొదట బౌద్ధులవని కొందఱును జైనులవని కొందఱును చెప్పుదురు. క్రింది మండపపు తీరు విహారములను తలపించుట దీనికి కారణము. ఈ ఊహకు నేపథ్య మేమియు లేకపోలేదు. విష్ణుకుండిన గోవిందవర్మ భార్య పరమభట్టారికా మహాదేవి బౌద్ధవిహారము కట్టించినదని తుమ్మలగూడెము తామ్రశాసనములు చెప్పుచున్నవి. వైదిక క్రతువు లాచరించిన వంశములోనే బుద్ధుని పూజయు సాగినది. క్రీ.శ. 639 ప్రాంతమున ధాన్యకటకమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు అచ్చటి విహారములు పెక్కు పాడుపడియున్నవని వ్రాసెను. ఒక మతము వెనుకబడి మఱియొక మతము ముందుకు వచ్చుచున్న ఆ సంధికాలమున శిల్పులు మాత్రము మాఱలేదు. విహారమును తొలిచిన చేతులే, లేదా వారి శిష్యుల చేతులే, విష్ణ్వాలయమును తొలిచియుండుట సహజము.

పేర్ల విషయమున జనవాక్యమును చరిత్రగా గ్రహింపరాదు. విజయవాడలోనే ఇంద్రకీలాద్రి పాదమున నున్న గుహలను అక్కన్న మాదన్న గుహలందురు. అక్కన్న మాదన్నలు 17వ శతాబ్దిలో గోలకొండ తానీషా కొలువున నుండిన మంత్రులు. ఆ గుహలు వారి కంటె దాదాపు వేయేండ్లు పూర్వపువి. తొలిచినవారి పేరు మఱచిన జనులు, తమకు ప్రియమైన పేరును ఆ రాతికి పెట్టుకొనిరి. ఉండవల్లికి అట్టి పేరైనను దొరకలేదు. ఊరి పేరే గుహ పేరైనది. రాజు పేరు పోయినను దేవుడు నిలిచెను. దేవుడు నిలుచుటచే ఆలయమును జనులు విడువలేదు.

నేడు ఈ గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో నున్నవి. అయినను శాఖవారి కాపలా ఒక్కటియే చాలదు. ఇట్టి స్థలములకు వచ్చినవారిలో కొందఱు మేకుతోనో రాతిముక్కతోనో గోడలపై తమ పేర్లు గీసిపోవుట మన మెఱిగినదే. పదమూడు పదునాలుగు వందల సంవత్సరముల క్రిందట ఈ కొండ ముందు నిలిచి, ఎండలో దుమ్ములో జీవితము వెచ్చించిన శిల్పులలో ఒక్కని పేరైనను ఇచ్చటికి వచ్చు యాత్రికునికి తెలియదు. వారు చేసిన గోడపై ఒక గడియ నిలిచి పోవువాని పేరు వ్రాయబడుట న్యాయము కాదు. గీసిన గీత చెరగదు. తప్పు దెబ్బను దిద్దలేమని శిల్పులు ఎఱిగియుండిరి, యాత్రికులును ఎఱుగవలెను.

కావున ఉండవల్లికి పోవువారికి నా మనవి యిది. పిల్లలను వెంట తీసికొని, ఎండ ముదరక ముందు, తూర్పు వెలుగు గుహ ముఖముపై పడు వేళకు చేరుడు. పైకెక్కి అనంతశయనుని కన్నులార సేవింపుడు. దిగి వచ్చునపుడు మాత్రము క్రింది మండపములో కొంతసేపు నిలువుడు. మోటుగా మిగిలిన ఆ స్తంభములను పిల్లలకు చూపి, పైన చూచిన స్వామి కూడ ఒకనాడు ఇట్టి రాయియే యని చెప్పుడు. ఏ కారణముననో పని ఆగినది. యుద్ధము వచ్చెనో, రాజు గతించెనో, ధనము చాలకపోయెనో, శిల్పులు ఉలులను మూట గట్టుకొని వెడలిపోయిరి. వారు మరల రాలేదు. వారు విడిచిన పనిలోనే వారి గుర్తు మిగిలియున్నది.