మాచ్‌ఖండ్ వించ్

తూర్పు కనుమలలో, ఒడిశాలోని కోరాపుట్ జిల్లా ఒనకఢిల్లీ వద్ద, కొండమీదినుండి లోయ అడుగువరకు ఉక్కుపట్టాలు ఏటవాలుగా దిగి ఉన్నవి. వాటిమీద నడచే బండికి ఇంజను లేదు. డ్రమ్ముకు చుట్టిన ఉక్కుతాడును యంత్రం వదలగా బండి దిగుతుంది, చుట్టగా పైకెక్కుతుంది. లోయలోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రానికి మనుష్యులను, సామగ్రిని చేర్చుటకు ఏర్పడిన బండి యిది. దీనిని అందరు వించ్ అనియే పిలుస్తారు.

తాటితో కొండమీదికి బండిని లాగే విద్య కొత్తది కాదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ కోటకు బరువులు చేర్చే తాటిబండి 16వ శతాబ్ది ఆరంభంనాటికే ఉన్నది. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 1862లో ప్రయాణికులకై ఇట్టి రైలు వెలసినది. ఈ జాతి రైళ్లలో సాధారణంగా రెండు బండ్లు ఒకే తాటికి కట్టబడి ఉంటవి. ఒకటి దిగుతూ ఉండగా దాని బరువే రెండవదానిని పైకి తీయుటకు సాయపడుతుంది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని జోగిందర్‌నగర్ వద్ద, షానన్ విద్యుత్కేంద్ర నిర్మాణంకోసం, 1920లలో బరోట్ వైపు కొండలమీదుగా తాటిబండి మార్గం వేసినారు. జలవిద్యుత్తుకు, ఇట్టి మార్గాలకు సంబంధం సహజమైనదే. నీరు ఎంత లోతుకు పడితే అంత శక్తి పుడుతుంది; కాని అంత లోతుకు మామూలు బాట వేయుట కష్టం.

మాచ్‌ఖండ్‌లో జరిగినదీ ఇదే. విశాఖ మన్యంలోని మాడుగుల కొండలలో పుట్టిన ఈ నది కొంతదూరం రెండు రాష్ట్రాలకు ఎల్లగా నడచి, డుడుమ వద్ద సుమారు 175 మీటర్ల ఎత్తునుండి దూకుతుంది. దిగువన సీలేరు అనే పేరుతో పారి, శబరిలో కలసి, గోదావరిని చేరుకొంటుంది. ఎగువన హుకుంపేట ప్రాంతంలో మత్స్యగుండమనే పుణ్యస్థలమున్నది. అక్కడి చేపలను దైవస్వరూపాలుగా భావించి ఎవరూ పట్టరు. శివరాత్రికి యాత్రికులు వాటికి మేత వేస్తారు. నది పేరులోనూ చేప ఉన్నది.

ఈ నీటినుండి విద్యుత్తు తీయుటకు 1940లలో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొన్నవి. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడగా మద్రాసు భాగం ఆంధ్రకు సంక్రమించినది. జోలాపుట్ వద్ద ఆనకట్ట కట్టి నీటిని నిలువ చేసినారు. యంత్రగృహాన్ని లోయ అడుగున కట్టినారు. 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభమైనది. తరువాత పూర్తయిన ఆరు యంత్రాల మొత్తం సామర్థ్యం 114.75 మెగావాట్లు. సొంత విద్యుత్తు అతిస్వల్పమైన ఆ కొత్త రాష్ట్రానికి, విశాఖపట్నం పరిశ్రమలకు, కోస్తా పట్టణాల దీపాలకు మాచ్‌ఖండ్ పెద్ద ఆధారమైనది.

తొలి ఒప్పందంలో ఆంధ్రభాగం 70, ఒడిశాభాగం 30 వంతులు. ఈ లెక్కమీద దశాబ్దాల తరబడి వాదం నడచి, చివరకు 2020లో ఉభయులకు సమానభాగంగా నిర్ణయమైనది. కాని ఈ తూకంలో చేరనివారు మరికొందరున్నారు. ప్రాజెక్టు మూలంగా సుమారు 2,900 కుటుంబాలు నేల విడువవలసివచ్చినది. వారిలో సగానికి పైగా గిరిజనులు. పునరావాసం పొందినవి ఆరువందల కుటుంబాలు మాత్రమే. తక్కినవారు ఎక్కడికి పోయినారో ప్రాజెక్టు లెక్కలలో కనబడదు. దేశంలో నిర్వాసితుల హక్కులకు సమగ్రమైన చట్టం 2013లో గాని రాలేదు.

ఈ కొండల మనుష్యుల మాటను వినిపించినది మొదట సాహిత్యమే. ప్రభుత్వోద్యోగిగా కోరాపుట్‌లో పనిచేసిన గోపీనాథ మహాంతి, అప్పుపాలై భూమిని పోగొట్టుకొన్న ఒక గిరిజన కుటుంబం కథను 1945లో 'పరజా' నవలగా వ్రాసినారు. కోంధుల జీవితాన్ని చిత్రించిన ఆయన 'అమృతర సంతాన' నవలకు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినది. లోయలో యంత్రాలు తిరుగనారంభించినదీ ఆ సంవత్సరమే. ఒకే జిల్లానుండి దేశానికి ఆ యేడు రెండు వెలుగులు అందినవి. ఒకదానిని తీగలు మోసుకొనిపోయినవి. రెండవదానిని పుస్తకం మోసినది.

వించ్‌ను చూచిన ఎవరికైనా ఇంజనీర్ల ధైర్యంమీద గౌరవం కలుగుతుంది. బాటలేని లోయకు బరువైన సామగ్రిని తాటిమీద దింపుట సామాన్యమైన పని కాదు. ఆ గౌరవం న్యాయమైనదే. అయితే గురువారంనాడు అదే ఒనకఢిల్లీలో సంత జరుగుతుంది. బోండాలు తమ కొండలనుండి బరువులు మోసుకొని ఆ సంతకు వస్తారు. మాచ్‌ఖండ్ చరిత్రలో వించ్ మోసిన బరువులతోపాటు, ఇండ్లు విడిచిన కుటుంబాలు తలమీద మోసుకొనిపోయిన మూటలనూ లెక్కించినప్పుడే ఆ చరిత్ర పూర్తి అవుతుంది.