నల్లబడే గుడ్డు

చీకటి. కాళ్లు ముడుచుకొని ఇరుక్కున్నావు. ఎదురుగా గోడ. కొరుకు.

గుండ్రటి కన్నం పడింది. తల బయటపెట్టావు. అనకాపల్లి వైపు చెరకు తోట, ఏప్రిల్ పొద్దు. నిన్న సాయంత్రం రైతు ఆకు అడుగున పిన్ను కొట్టి వెళ్లిన అట్టముక్క మీద నిలబడ్డావు. ఆయన దాన్ని ట్రైకోకార్డు అంటాడు. ముక్కలు చెయ్యని కార్డు మీద నీ తోటివాళ్లు దాక్కున్న గుడ్లు దాదాపు 20,000.

నువ్వు కందిరీగవే. కానీ ఒళ్లంతా కలిపి అర మిల్లీమీటరు. నీ ముందు చీమ కూడా ఏనుగే. అదిగో, ఆ ఏనుగు కార్డెక్కింది. పక్క గుడ్డును కరుచుకుపోయింది.

ముందు పుట్టిన మగవి గుమ్మం దగ్గరే కాచుకున్నాయి. జతకట్టావు. ఎగురు!

గాలి పానకంలా చిక్కగా తగులుతోంది. అంచున వెంట్రుకలున్న రెక్కలతో ఈదుతున్నట్టే ఉంది. ఓ ఆకు అడుగున వాలావు.

పీక పురుగు గుడ్లు. వీటిలోంచి వచ్చే పిల్లలు కాండంలో దూరితే మొవ్వ ఎండిపోతుంది. పట్టి లాగితే ఊడొస్తుంది, కంపు కొడుతుంది. మీసాలతో తట్టి చూశావు. లోపల అప్పుడే నల్లటి తలలు. ఆలస్యమైపోయింది. వదిలెయ్.

పక్క ఆకు. ఇవి రాత్రి పెట్టినవి. మీగడ రంగులో, ఇంటి పెంకుల్లా ఒకదాని మీదొకటి. ఒకదాని మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడిచావు. నడకే నీ కొలత. లోపల నీ పిల్లలెందరికి తిండి సరిపోతుందో తెలిసింది. ఒంటి చివరి సూది దించావు.

కొడుకా, కూతురా? అదీ నీ ఇష్టమే. దాచుకున్న మగ బీజం కలిపితే కూతురు. కలపకపోతే కొడుకు.

కూతురే.

బర్ర్‌ర్...

స్ప్రేయర్. పక్క చేలో మందు కొడుతున్నారు. ఘాటు. గాలి ఇటే.

ఎగిరిపోతావా? ఇంకా గుడ్లున్నాయి.

మోత దగ్గరైంది. రెండో గుడ్డు. నడువు. తట్టు. నొక్కు.

ఆకు వణికింది. కాలు జారింది. పట్టుకో.

నొక్కు.

దిగింది.

ఆ మందు ఇటు తిరక్కపోతే, నాలుగైదు రోజుల్లో ఈ గుడ్లు నల్లబడతాయి. ఇంకో నాలుగు రోజులకు, లోపలి చీకట్లో, కాళ్లు ముడుచుకొని ఒకతి గోడ కొరుకుతుంది.