లెక్కలోకి రాని నీళ్లు

2003 జూన్ 16. గోదావరిఖని, సింగరేణి బొగ్గు సంస్థ 7ఎల్‌ఈపీ బాయి (గని). మస్టర్ పడింది. లాంప్‌రూం కిటికీ దగ్గర దీపాలు అందుకుని, బ్యాటరీలు నడుముకు కట్టుకుని కార్మికులు లోపలికి దిగారు. వాళ్లలో 17 మంది మళ్లీ ప్రాణాలతో పైకి రాలేదు.

బొగ్గు తీసేకొద్దీ భూమిలో గ్యాలరీలు పెరుగుతాయి. పనైపోయిన గ్యాలరీలను వదిలేసి ముందుకు సాగుతారు. వాన నీళ్లు నేల పగుళ్లలోంచి దిగుతాయి, రాతిపొరల ఊట వాటితో కలుస్తుంది. పంపు ఆగిన చోట మడుగు కడుతుంది. ఆ మడుగుకూ కొత్త పనికీ మధ్య మిగిలేది ఒక బొగ్గు గోడ. నీళ్లు పది మీటర్ల ఎత్తున నిలిస్తే గోడ అడుగున చదరపు మీటరుకు 10 టన్నుల ఒత్తిడి పడుతుంది. అందుకే నీళ్లున్న పాత పనికి 60 మీటర్ల లోపుకు వస్తే, లిఖితపూర్వక అనుమతి లేకుండా ముందుకు తవ్వరాదని అప్పట్లో అమల్లో ఉన్న 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు చెప్పేవి.

ఆ రోజు పాత పనుల్లోని నీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. నీళ్లు వెతికేది పల్లాన్నే. డిప్ (పల్లపు) వైపు పనిచేసేవాడికి పైకెక్కే దారీ, నీళ్లు దూకివచ్చే దారీ ఒకటే. ప్రమాదం మాట బయటికి పొక్కితే బాయి ఊళ్లలో ఇంటింటా రెండే ప్రశ్నలు: ఏ బాయి? ఏ షిఫ్టు? నాలుగు నెలలకే, అక్టోబరులో, 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది పోయారు.

తీసిన ప్రతి టన్ను బొగ్గూ ఉత్పత్తి నివేదికలోకి ఎక్కుతుంది. ఆ టన్ను ఖాళీ చేసిన చోటు, అందులో చేరిన నీళ్లు ఎక్కవు. చెల్లించని వడ్డీలా ఆ నీటి బాకీ పెరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి నష్టమేమీ కనిపించదు. హద్దు దాటిన రోజున మొత్తం ఒకేసారి మీద పడుతుంది.

ఆర్థికవేత్తలకు ఈ గుణం తెలియంది కాదు. 1956లో రాబర్ట్ సోలో ఇచ్చిన వృద్ధి నమూనాలో పెట్టుబడి పెరుగుతూ పోయి చివరకు నిలకడకు చేరుతుంది. 1982లో రిచర్డ్ డే అందులో ఒక్క మార్పు చేశాడు: పెట్టుబడి మరీ పెరిగితే కాలుష్యం లాంటి నష్టాలు ఉత్పాదకతను తినేస్తాయి. అంతే, నున్నని గీత చెదిరిపోయింది. ఉత్పత్తి ఎగిరింది, పడింది. పడ్డాక నష్టం తగ్గి మళ్లీ ఎగిరింది. కొన్ని పరిస్థితుల్లో ఆ ఎగుడుదిగుడులకు ఒక క్రమమే లేదు. మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా, కొన్నేళ్లకు దారి పూర్తిగా మారిపోయింది. బయటినుంచి ఏ ఉపద్రవమూ రాలేదు. కుదుపు వృద్ధి కడుపులోంచే పుట్టింది.

మళ్లీ గనుల దగ్గరికే వస్తే, 1990లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు సుమారు 40 వేల మంది. ఉత్పత్తి మాత్రం 2023–24లో 7 కోట్ల టన్నులకు చేరింది. ఉత్పత్తి భారం భూగర్భ గనుల నుంచి ఓపెన్‌కాస్టుల (పైనుంచి తవ్వే గనుల) మీదికి మారింది. దాంతో ప్రాణాపాయం కొంత తగ్గింది, కానీ నష్టం రూపు మార్చుకుంది. పొలాల మీద, బొగ్గు పైనుంచి తీసిన మట్టి గుట్టలు లేచాయి. ఊళ్లు ఖాళీ అయ్యాయి. క్వారీలు వాన నీళ్ల గుంతలయ్యాయి. 2022 జూలైలో గోదావరి పొంగిన వానలకు ఓపెన్‌కాస్టుల్లో నీళ్లు నిండి పని ఆగింది. తవ్వినంత లోతుకూ నీళ్లు తోడాల్సిందే. ఆ ఖర్చు రేపటి టన్ను నెత్తిన పడుతుంది.

ఈ నష్టాన్ని ముందే ఖాతాకెక్కించే దారి ఒకటుంది. కేంద్ర బొగ్గు శాఖ 2009 మార్గదర్శకాల నుంచి ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక తప్పనిసరి. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష రూపాయల ప్రాతిపదికన ఎస్క్రో ఖాతాలో (మూసివేత కోసం విడిగా ఉంచే ఖాతాలో) జమ చేయాలని ఆ మార్గదర్శకాల్లో ఉండేది. మీ ఊరి పక్క గని ఖాతాలో ఎంతుందో, పాత పనుల్లో నీళ్లెక్కడున్నాయో పటం ఎవరి దగ్గరుందో గ్రామసభలో అడగండి. టన్నుల లెక్క ఏటా చెప్పే సంస్థ ఈ లెక్క కూడా ఏటా చెప్పాలి.